బండి వేడి దిగేదాకా

లండన్ శివారు హారో నుంచి బెల్‌ఫాస్ట్‌కి విమానంలో గంటన్నర కూడా పట్టదు. మేం తిరిగొచ్చింది అలాగే, కునుకు తీసి లేచేసరికి లండన్. వెళ్ళడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. కనిపించిన వాళ్ళందరికీ ఆ మూడు రోజుల సంగతీ చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. అందుకే రాసి పారేస్తున్నాను, కావలసినవాళ్ళు చదువుకుంటారు.

మేం తీసుకెళ్ళింది ఒక డీజిల్ పికప్, దాని వెనక తగిలించిన దోసెల ట్రైలర్. పికప్ అంటే ముందు కారు, వెనక చిన్న లారీ తొట్టి. ట్రైలర్ అంటే చక్రాల మీద వంటిల్లు. అందులో మందపాటి ఇనప పెనం, గ్యాసు పొయ్యిలు, రాతి గ్రైండరు, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు. రెండూ మా పద్మక్క వాళ్ళవి. వాళ్ళాయన రాజేందర్ బావ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడాక, ఇంకో ఉద్యోగం వెతుక్కోకుండా ఈ రెండూ కొని ఆదివారం సంతల్లో దోసెలు పోశాడు. నాలుగేళ్ళు పోసి, ఒకరోజు గుండె నొప్పితో పోయాడు. రెండేళ్ళయింది.

పద్మక్కది వరంగల్, మాది ఒంగోలు. వాళ్ళింట్లో వేంకటేశ్వరస్వామి పటం, మా ఇంట్లో వాక్యం రాసిన క్యాలెండరు. అయినా హారోలో మావి ఒకటే కాపురం లాంటి రెండు కాపురాలు. నేను ముసలివాళ్ళుండే కేర్ హోమ్‌లో నర్సుని. నైట్ డ్యూటీ పడ్డప్పుడల్లా నా పిల్లలు తిన్నదీ పడుకున్నదీ ఆవిడ దగ్గరే. బావ పోయాక ఆవిడ బెల్‌ఫాస్ట్‌లో ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసే కూతురు నిహారిక దగ్గరికి వెళ్ళిపోయింది. పికప్పూ ట్రైలరూ మా చర్చి వెనక ఖాళీ స్థలంలో ఉండిపోయాయి. చివరికి బెల్‌ఫాస్ట్‌లోనే ఒకాయన బర్గర్లు అమ్ముకోవడానికి రెండూ కొంటానన్నాడు. సోమవారం నిహారిక వాళ్ళింటికి వచ్చి పట్టుకెళ్తానన్నాడు. అక్కడిదాకా తీసుకెళ్ళి అప్పజెప్పే పని మా ఆయన సుందర్రావు మీద పడింది, ఆయనతో పాటు నా మీదా.

బయల్దేరే ముందు ఫోన్ చేస్తే పద్మక్క, వస్తువుల గురించి ఒక్క మాట అడగలేదు. ఇంకో మాట చెప్పింది.

"రూతూ, ఎవ్వలికి చెప్పలె, నీకు చెప్తున్న. మార్కెట్ నుంచి అచ్చినంక ఎప్పుడు జూసినా ఆ బండ్లనే కూసుండేటోడు. ఇంజను సుత బంద్ చెయ్యకపోయేటోడు. నేను కిటికీల నుంచి చూసేదాన్ని. దోసెల పని నాకిష్టం లేకుండె, దినాం కొట్లాడేదాన్ని. ఇంట్లకు రాబుద్ధి గాకనే గదా అట్ల కూసున్నడు? నా మొకం చూడబుద్ధి గాకనే గదా?"

మంచాన పడ్డవాళ్ళకి ధైర్యం చెప్పడం నా ఉద్యోగం. అట్లాంటిదేమీ లేదక్కా అన్నాను గానీ, ఏమీ తెలియకుండా అన్న మాటని ఆవిడకీ తెలుసు. సోమవారం ఆ బండి చేతులు మారిపోతే ఈ మాట ఆవిడ గుండెలో ముల్లులా అట్లాగే ఉండిపోతుందే అని నాకు దిగులు పట్టుకుంది.

*హారో: ఊరి సామానంతా మన బండిలోనే*

మనవాళ్ళకి ఒక జబ్బుంది. ఎవరైనా ఊరెళ్తున్నారని తెలిస్తే చాలు, చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేరు. విమానమైతే పచ్చడి పొట్లంతో పోతుంది. మాది పికప్, పైగా ట్రైలరు. వాట్సాప్ గ్రూపులో మాట పడ్డ సాయంత్రం నుంచే బెల్ మోగడం మొదలైంది. బెల్‌ఫాస్ట్‌లో ఉన్న తోడికోడలికి సోనామసూరి బస్తాలు, చెల్లెలికి పురుటి ఉయ్యాల, స్నేహితుడికి టేకు పూజామందిరం, ఎవరికో ఇత్తడి గుండిగ. "మీది పెద్ద బండే కదా ఆంటీ" అనడం, లోపలికి తోసేయడం. కాదంటే ఏమనుకుంటారోనని నేను ఒక్కరికీ కాదనలేదు. పైగా పద్మక్కకని నేను పెట్టిన గోంగూర పచ్చడి సీసాలు నాలుగు. మా ఆయన ట్రైలర్ టైర్ల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి కోపం వస్తే మాట్లాడడు, టైర్లు చూస్తాడు.

ఎక్కి కూర్చున్నాక అద్దం పక్కన అతికించిన ఒక చిన్న గుండ్రటి గేజీ కనిపించింది. ఇదేమిటని అడిగితే, పొగ గొట్టంలో పొగ ఎంత వేడిగా ఉందో చెప్పేదన్నాడు మా ఆయన. బరువు లాగేటప్పుడు ఇంజను ఎక్కువ డీజిలు తాగుతుంది, పొగ కాలిపోతుంది. ఆ పొగలోనే టర్బో అనే చిన్న చక్రం గిరగిరా తిరుగుతుంటుంది. వేడి మితిమీరితే అది పగిలిపోతుంది, దాంతో ఇంజనూ పోతుంది. మామూలు బళ్ళకి ఈ గేజీ ఉండదు. రాజేందర్ బావే ప్రత్యేకంగా పెట్టించుకున్నాడు.

గేజీ మీద ఏడు వందల డిగ్రీల దగ్గర ఒక ముదురు ఎరుపు చుక్క ఉంది. ముల్లు ఆ చుక్క దాటకూడదట. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. గోళ్ళరంగు. పద్మక్క ఎప్పుడూ వేసుకునే రంగే.

"గేజీకి బొట్టు పెట్టాడయ్యా మా బావ" అన్నాను. మా ఆయన నవ్వి, ఇక దారంతా ఆ బొట్టు మీద కన్నేసి ఉంచడం నా డ్యూటీ అన్నాడు. జ్వరాలు చూసి చూసి ఉన్నదాన్నే కాబట్టి ఒప్పుకున్నాను.

*ఎం వన్ మీద జ్వరం*

లండన్ నుంచి ఉత్తరానికి పోయే ఎం వన్ హైవే బల్లపరుపుగా ఉంటుంది, చంటిబిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుని పోవచ్చు. అట్లాంటి రోడ్డు మీదే ముల్లు పైకి పాకడం మొదలుపెట్టింది. ఆరు వందలన్నాను. ఆయన ఊఁ అన్నాడు. ఆరు వందల యాభై అన్నాను. మళ్ళీ ఊఁ. వెనకెవరో లైటు కొడితే అద్దంలో చూశాను, మా వెనక నల్లటి పొగ.

సర్వీసెస్‌లో, అంటే హైవే పక్కన టీ, డీజిలు దొరికే చోట, ఆగాం. ఆగీ ఆగగానే ఆయన తాళం తిప్పేశాడు. అది ఆయనకి మేనమామ పోలిక. ఆ మేనమామ ఒంగోల్లో జీపు తోలేవాడు. రైలు గేటు పడితే ఇంజను ఆపేయాలి, దొరికినంతసేపు టాప్ గేరులో పోవాలి, డీజిలు మిగలాలి, ఇదీ ఆయన దగ్గర మా ఆయన నేర్చుకున్న విద్య.

లోపల రెండు టీలు అడిగితే ఏడు పౌండ్లకి కాస్త తక్కువన్నారు. నేను బయటికొచ్చి ఫ్లాస్కు తీశాను. పులిహోర డబ్బా మూత తియ్యగానే పక్క కారులో బంగాళాదుంప చిప్స్ తింటున్న పిల్ల కిటికీ దించి, అదేమిటని అడిగింది. ఇక్కడి జనం దారిలో అన్నీ చల్లటివే తింటారు, శాండ్విచ్ కూడా మంచులోంచి తీసినట్టుంటుంది. కాగితం ప్లేటులో కాస్త పెట్టి ఇస్తే, వాళ్ళమ్మ కూడా రెండు ముద్దలు తిని, నిమ్మకాయా అని అడిగింది. చింతపండు అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

*నాటింగ్‌హామ్: ఎలుకల కాపురం*

రాత్రికి గ్రేసమ్మ వాళ్ళింట్లో దిగాం. నాతో పాటు ఒంగోల్లో నర్సింగ్ చదివిన మనిషి, ఇప్పుడు ఇక్కడి ఆసుపత్రిలో సిస్టర్. మాకోసం చేపల పులుసు కాచి, బెల్‌ఫాస్ట్ తీసుకెళ్ళడానికి ఒక కుట్టుమిషను కూడా సిద్ధంగా పెట్టింది. దాన్ని చూడగానే నాకు ఏడుపొక్కటే తక్కువ. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

పొద్దున్నే మా ఆయన బానెట్ ఎత్తి, ఇంజనుకి గాలి వెళ్ళే నల్లటి పెట్టె విప్పాడు. రూతూ, ఇట్రా, అన్నాడు. లోపల ఎలుకల గూడు. దూదిలా చీల్చిన కాగితాలు, ఎండుటాకులు, ఒక పిల్ల మేజోడు. ఎలుకలు ఎప్పుడో ఖాళీ చేసి పోయాయి గానీ గాలి వెళ్ళే దారికి అడ్డంగా వాటి పరుపు అట్లాగే ఉంది. కాగితం ముక్క ఒకటి తీసి చూశాను. దోసెలు చుట్టి ఇచ్చే కాగితం, దాని మీద ఇంకా నూనె మరక ఉంది. బావ ఎక్కడో తొట్టి మూలన పెట్టుకున్న కట్టలోంచి లాక్కొచ్చుకుని ఉంటాయి. ఇంజనుకి ఊపిరాడక డీజిలు సరిగా మండక ఆ పొగా, ఆ వేడీ. ముక్కు మూసి పరిగెత్తిస్తే నాకైనా జ్వరమొస్తుంది. బండి సామాన్ల కొట్లో కొత్త గాలి ఫిల్టరు కొన్నాం. అక్కడి కౌంటరు పిల్ల నన్ను "మీ డక్" అని పిలిచింది. నా బాతూ అని దాని అర్థం. నన్ను బాతంటుందేమిటని మూతి ముడుచుకున్నాను. ఈ ఊళ్ళో అది మన "అమ్మా" లాంటిదని గ్రేసమ్మ చెప్పాక వెనక్కెళ్ళి ఒక నవ్వు నవ్వి వచ్చాను.

ఇక బరువు సంగతి. ఈ దఫా మొహమాటం పక్కన పెట్టాను. కుట్టుమిషను ఎక్కించలేదు సరికదా, బియ్యం బస్తాలూ గుండిగా పూజామందిరమూ గ్రేసమ్మ గరాజులోనే దింపించాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. "మా బియ్యమే బరువయ్యాయా ఆంటీ?" అని ఒకమ్మాయి అలిగింది. అవునమ్మా, మీ బియ్యమే, అన్నాను. పురుటి ఉయ్యాల మాత్రం ఉండనిచ్చాను. పుట్టబోయే బిడ్డ గరాజులో ఉన్న ఉయ్యాల కోసం ఆగదు కదా.

*షాప్ ఫెల్*

ఆ రోజు మధ్యాహ్నం దాకా ముల్లు బుద్ధిగా ఉంది. మాంచెస్టర్ దాటాం, ఊళ్ళు పలచబడ్డాయి. రెండు పక్కలా గడ్డి కొండలు, వాటి మీద గొర్రెలు, చెట్టన్నది లేదు. షాప్ ఫెల్ అని ఒక పొడవాటి కొండెక్కుడు వచ్చింది. మన ఘాట్ రోడ్డులా మెలికలుండవు, తిన్నగా పైకి పోతూనే ఉంటుంది. అందుకే అది మోసం చేస్తుంది. మా ఆయన మేనమామ విద్య వదల్లేదు. పై గేరులోనే ఉంచి, కాలు నేలకి తొక్కిపెట్టి, బండిని మూలిగిస్తూ లాగిస్తున్నాడు.

ఆరు యాభై అన్నాను. ఏడు వందలన్నాను. బొట్టు మీదికొచ్చింది, తగ్గించవయ్యా, అన్నాను. తగ్గిస్తే వెనక లారీలు మీద పడతాయన్నాడు. ముల్లు బొట్టు దాటింది. నేను అరిచాను, ఆయనా అరిచాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో కొండ మీద పోట్లాడుకోవడం అదే మొదలు. అదృష్టం కొద్దీ కొండ మధ్యలోనే ఆగడానికి స్థలం కనిపించింది. పక్కకి తీసి, ఆగీ ఆగగానే మళ్ళీ తాళం తిప్పేశాడు.

మా పక్కన ఒక కారు, దాని వెనక పెద్ద కారవాన్, అంటే చక్రాల మీద ఇల్లు. ఇంజను నడుస్తూనే ఉంది. లోపల ముసలాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ముసలావిడ ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది. ఆగిన బండిలో ఇంజను నడుస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా హారోలో బడి ముందు అట్లా పెడితే కౌన్సిల్ వాళ్ళు జరిమానా రాస్తారు. అంతలో ఆ ముసలాయన కిటికీ దించి, ఆపొద్దు, మళ్ళీ స్టార్ట్ చెయ్యండి అని చెయ్యి ఊపాడు. ఆ కంగారు చూసి మా ఆయన మారు మాట్లాడకుండా స్టార్ట్ చేశాడు.

ఆయన పేరు డెరిక్, ఆవిడ మార్గరెట్. బళ్ళో లెక్కల మాస్టారుగా చేసి రిటైరై, ఏడాదిలో సగం కారవాన్ మీదే తిరుగుతారు. ఆయన చెప్పింది ఇది. కొండెక్కి వచ్చిన ఇంజనుని ఠక్కున ఆపకూడదు. టర్బోని చల్లబరిచేది దానిలో తిరిగే నూనె. తాళం తిప్పగానే నూనె ఆగిపోతుంది, వేడి మాత్రం అక్కడే ఉంటుంది. ఆ నూనె అక్కడే మాడి అట్ట కడుతుంది. అందుకని ఆగాక ఇంజనుని మెల్లగా తిరగనివ్వాలి. కొండెక్కేటప్పుడు గేరు తగ్గించి, కాలు తేలిక చేసి, లారీల వెనక నిదానంగా పోవాలి. మోత ఎక్కువైనా వేడి తక్కువ.

ఎంతసేపు తిరగనివ్వాలి అని మా ఆయన అడిగాడు. దానికి మార్గరెట్ జవాబు చెప్పింది. ఒక కప్పు టీ తాగేంతసేపట. నాకూ ఒక కప్పు అందించి నవ్వింది. పెళ్ళయిన కొత్తలో ఈయన ఇల్లు చేరాక కూడా బండి దిగకుండా అందులోనే కూర్చునేవాడనీ, తను కోపంతో విసవిసా లోపలికి పోయేదాన్ననీ, తర్వాత సంగతి తెలిసి ఫ్లాస్కు కొనుక్కున్నాననీ చెప్పింది.

నా చేతిలో కప్పు అట్లాగే ఉండిపోయింది. హారోలో పద్మక్క వాళ్ళిల్లు గుట్ట మీద. సంత నుంచి బరువంతా లాక్కుంటూ ఆ ఎత్తెక్కి వచ్చేవాడు బావ. నేను మా ఆయన వంక చూశాను, ఆయన అప్పటికే గేజీ వంక చూస్తున్నాడు. ముల్లు మెల్లగా దిగుతోంది, బొట్టు కింద ఇంత దూరానికి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. మార్గరెట్‌కి ఏం తెలుస్తుంది పాపం, టీ బాలేదేమోనని ఇంకో చెంచా పంచదార వేసింది.

వెంటనే ఫోన్ తీశాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పమాకు. నువ్వు నర్సువి. ఓదార్చడానికి అల్లి చెప్పావనుకుంటది. కళ్ళతో చూడనీ."

ఆయన మాట నేను వినడం తక్కువ. ఆ మాట విన్నాను. మిగతా కొండంతా కింది గేరులో, ఒక బిస్కట్ల లారీ వెనక, నిదానంగా ఎక్కాం. ముల్లు బొట్టు దరిదాపులకి రాలేదు.

*స్కాట్లండ్ అంచున ఒక రాత్రి*

డంఫ్రీస్ అనే ఊరు దాటాక ఒకావిడ ఇంట్లో గది తీసుకున్నాం. వాకిట్లో బండి ఆపి, కొత్తగా నేర్చుకున్న పాఠం ప్రకారం ఇంజను నడుస్తుండగా ఇద్దరం లోపలే కూర్చున్నాం. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. ఇల్లు నచ్చక వెళ్ళిపోతున్నామనుకుందట. సంగతి చెప్పాక నవ్వి, వాళ్ళాయన ట్రాక్టరుతో ఇంతే చేస్తాడంది. బండిలో కూర్చున్న మనిషిని బయటినుంచి చూసినవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు మరి.

పొద్దున టాటీ స్కోన్లు పెట్టింది. ఉడికించిన బంగాళాదుంపా పిండీ కలిపి పెనం మీద కాల్చిన పలచని రొట్టెలు. వెన్నతో తింటారు. నేను నా గోంగూరతో తిన్నాను. ఆవిడ కొనవేలితో కాస్త అద్దుకుని నాకి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అద్దుకుంది. ఒక సీసా అక్కడే ఇచ్చేశాను. ఆవిడ రొట్టెలకి డబ్బు తీసుకోలేదు.

*ఓడ మీద*

కెయిర్న్‌రయన్ రేవు నుంచి ఓడ. కింద అంతస్తులో లారీల మధ్య మా బండి బుల్లిగా ఉంది. సముద్రం బూడిద రంగు. మా ఒంగోలు దగ్గరి కొత్తపట్నం సముద్రంలా అరవదు, గొణుగుతుంది. ఓడలో వడ్డించేవాళ్ళంతా ఉత్తర ఐర్లండ్ వాళ్ళు. వాళ్ళకి ప్రతిదీ "వీ", అంటే బుల్లిది. బుల్లి టీ, బుల్లి రసీదు, బుల్లి సంతకం. మనం "కాస్త" అనడం లాంటిదే. కాస్త ఇటు జరగండి అన్నట్టు ఉంటుంది, వినడానికి బాగుంటుంది.

ఓడ సగం దూరం పోయాక నిహారిక ఫోన్ చేసింది. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబంతా ఇంగ్లీషే. బండిని ఇంటికి తేవొద్దని అమ్మ గట్టిగా చెప్పిందనీ, కొన్నాయన యార్డులోనే వదిలేసి టాక్సీలో రమ్మందనీ చెప్పింది. చెప్పి ఒప్పిద్దామంటే ఫోనులో అయ్యేది కాదు. చెప్పకుండా వదిలేస్తే సోమవారం బండి బర్గర్ల ఆయనది.

పచ్చడి సీసాలు ఇవ్వాలి కదా, అన్నాడు మా ఆయన. మన జనం సామాన్లు మోయించి నన్ను చంపుకు తిన్నారని దారంతా తిట్టుకున్నాను గానీ, అప్పుడు బండినే గుమ్మం దాకా తోలడానికి ఆ మూడు సీసాలే అక్కరకొచ్చాయి. చేతికిచ్చిన పొట్లం గుమ్మంలో అప్పజెప్పకుండా పోవడం మన ఇళ్ళల్లో లేదు.

*బెల్‌ఫాస్ట్: గుట్ట మీది ఇల్లు*

లార్న్‌లో దిగి, ఉయ్యాల ఇవ్వాల్సిన ఇంట్లో ఇచ్చి, మధ్యాహ్నానికి బెల్‌ఫాస్ట్ ఉత్తరం వైపు చేరాం. నిహారిక వాళ్ళ వీధి కేవ్ హిల్ వాలులో ఉంది. అక్కడినుంచి చూస్తే ఊరూ, ఓడల క్రేన్లూ, నీళ్ళూ అన్నీ కింద. ఎక్కుడు మాత్రం షాప్ ఫెల్‌కి అమ్మమ్మ. కింది గేరులో, నడిచినంత నెమ్మదిగా ఎక్కాం. నేను నంబర్లు చదువుతున్నాను, ఆయన కాలు సర్దుతున్నాడు. ముల్లు బొట్టు అంచు దాకా వచ్చి, తాకకుండా ఆగింది. ఇంటిముందు ఆపాడు. తాళం మీద చెయ్యి పెట్టలేదు.

నేను సీసాలు పట్టుకుని దిగాను. తలుపు తీసుకుని పద్మక్క వచ్చింది. మనిషి సగమైంది. గోళ్ళకి రంగు లేదు.

"ఇంటికి తేవొద్దన్న గద రూతూ."

పచ్చడి, అన్నాను. సీసాలు అందుకుంది గానీ చూపు నా మీద లేదు, బండి మీద ఉంది. పొగ గొట్టం సన్నగా దడదడమంటోంది.

"ఆ ఇంజను బంద్ చెయ్యి తమ్మీ. ఆ సప్పుడు నేను వినలేను."

మా ఆయన కిటికీలోంచే అన్నాడు.

"ఆపకూడదక్కా. బరువుతో గుట్టెక్కింది, లోపల కాలిపోతా ఉంది. ఇప్పుడు ఆపేస్తే పాడైపోద్ది. వేడి దిగేదాకా తిరగనియ్యాలి."

"ఎంతసేపు?"

"టీ తాగేంతసేపు. బరువు లాక్కొచ్చినప్పుడల్లా ఇంతే."

"ఎప్పుడైనా ఇంతేనా?"

"ఇంతేనక్కా. రాజేందరన్న ఈ గేజీ పెట్టించుకుంది దీనికే. ఆ ముల్లు దిగేదాకా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇంజను దక్కదు."

పద్మక్క సీసాలు మెట్టు మీద పెట్టింది. మా ఆయన దిగి తలుపు తీసి పట్టుకుంటే, ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆ సీట్లో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారట, తర్వాత చెప్పింది. గేజీ వైపు వంగి, ఎర్ర చుక్క మీద వేలు పెట్టింది.

"ఇది నా గోళ్ళరంగు. సీస ఎటు వోయిందని ఇల్లంత దేవులాడిన. అడిగితే నాకేం ఎరుకన్నడు."

ఆ మాటంటూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నిహారిక కూడా బయటికొచ్చింది, మేం ముగ్గురం బండి పక్కన నిలబడ్డాం. ముల్లు దిగుతుంటే ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి నిహారిక కిటికీ దగ్గరికెళ్ళి, సోమవారం ఆ బర్గర్ల ఆయనకి ఏం చెప్పమంటావని ఇంగ్లీషులో అడిగింది.

"ఎన్కున్న ట్రైలర్ డబ్బ కొనుక్కపొమ్మను. బండి నాకుండనీ."

తర్వాత మా ఆయన వైపు చూసి, ఇప్పుడు ఆపొచ్చునా అని అడిగింది. ఆయన తల ఊపాడు. తాళం ఆవిడే తిప్పింది. దడదడ ఆగి, ఎక్కడో కింద ఓడ కూత వినిపించింది. ఆవిడ దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఇంటి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"నేనన్నా పోయి పక్కన కూసుంటే అయిపోతుండె గద రూతూ" అంది. "రెండు చాయ్‌లు పట్టుకొని."

నేను అటువైపు తలుపు తీసుకుని ఎక్కి, ఆవిడ పక్కన కూర్చున్నాను.